టెక్ సందేహాలు: రీస్టార్ట్ చేసేముందు ఒక్కసారి ప్రోబ్ పెట్టి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లినక్స్‌లోని పెర్ఫ్ ప్రోబ్ అనే కమాండ్ గురించే ఉన్నాయి. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో మనకు కావలసిన చోట ప్రోబ్, అంటే ఒక నిఘా గుర్తు పెట్టి, ఆ చోటు నడిచిన ప్రతిసారీ రాసిపెట్టే కమాండ్ ఇది. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): నమస్తే సార్. నేను ప్రొడక్షన్ సపోర్ట్‌లో పనిచేస్తాను. మా దగ్గర సెంట్ఓఎస్ 7 మీద నడిచే పాత సీ సర్వీసు ఒకటుంది. వారాల తరబడి బాగానే నడుస్తుంది, తర్వాత ఏదో ఒక రోజు నుంచి కొన్ని రిక్వెస్టులు ఐదు సెకన్లకు పైగా ఆగిపోతుంటాయి. సీపీయూ ఖాళీగానే ఉంటుంది, లాగ్‌లో ఏమీ కనిపించదు. రీస్టార్ట్ చేయగానే మామూలైపోతుంది. డెవలపర్లేమో లాగ్‌లు పెంచి కొత్త బిల్డ్ ఇస్తామంటారు, అది వేయాలంటే రీస్టార్ట్ చేయాలి, చేస్తే సమస్యే కనిపించదు. నైట్ షిఫ్ట్‌లో ఇదే పెద్ద టెన్షన్. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో నిజంగా కొత్త ట్రేస్‌పాయింట్ (అక్కడికి వచ్చినప్పుడల్లా రికార్డ్ చేసే చోటు) పెట్టగలమా?

జవాబు: పెట్టగలం. రీస్టార్ట్ అక్కర్లేదు, కొత్త బిల్డ్ అక్కర్లేదు, సోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. మీలాంటి సమస్యకు నేను మొదట చెప్పేది కూడా ఇదే: దయచేసి రీస్టార్ట్ బటన్ మీద చెయ్యి వేయకండి, ఎందుకంటే తప్పు జరుగుతున్న ఆ ప్రాసెస్ ఒక్కటే మీ దగ్గరున్న సాక్ష్యం, దాన్ని చంపేశాక ఎన్ని లాగ్‌లు పెంచినా మళ్లీ కొన్ని వారాలు ఎదురుచూడాల్సిందే.

లోపల ఏం జరుగుతుందో ముందు చెబుతాను, అప్పుడు భయం పోతుంది. మీరు ఒక ఫంక్షన్ మీద ప్రోబ్ పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టగానే, కెర్నెల్ (ఓఎస్‌లోని ప్రధాన భాగం) మీ ప్రాసెస్ మెమరీలో ఆ ఫంక్షన్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ ఉన్నచోట మొదటి బైటును తీసి పక్కన దాచి, దాని స్థానంలో ఇంట్3 అనే బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది. ఇది ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల సంగతి, అది ఒక్క బైటే. ప్రోగ్రామ్ ఆ చోటికి రాగానే అదుపు కెర్నెల్‌కు వెళ్తుంది, కెర్నెల్ టైమూ థ్రెడ్ నంబరూ మీరడిగిన ఆర్గ్యుమెంట్లూ రాసుకుంటుంది, అసలు ఇన్‌స్ట్రక్షన్‌ను వేరే చోట నడిపించి ప్రోగ్రామ్‌ను దాని దారిన వదిలేస్తుంది. డిస్క్ మీద ఉన్న ఫైల్ మారదు, మారేది ఆ ప్రాసెస్ మెమరీలోని ఆ పేజీ కాపీ మాత్రమే. రికార్డింగ్ ఆపగానే పాత బైటు పాత చోటికి వచ్చేస్తుంది.

ఇక మీ సమస్యకు వద్దాం. సీపీయూ ఖాళీగా ఉందంటే ప్రోగ్రామ్ దేనికోసమో ఎదురుచూస్తోంది. ఐదు సెకన్లు అన్నారు కదా, ఆ అంకె దగ్గరే నాకు అనుమానం వచ్చింది. లినక్స్‌లో డీఎన్ఎస్ సర్వర్ (హోస్ట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) జవాబివ్వకపోతే మామూలుగా ఎదురుచూసే సమయం సరిగ్గా 5 సెకన్లు, ఆ తర్వాతే జాబితాలో రెండో సర్వర్‌ను అడుగుతుంది. కాబట్టి హోస్ట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే గెట్‌యాడర్ఇన్ఫో ఫంక్షన్ మీద ముందు ప్రోబ్ పెట్టండి. అది మీ ప్రోగ్రామ్‌లో ఉండదు, సీ లైబ్రరీలో (లిబ్‌సీ) ఉంటుంది. రూట్‌గా లాగిన్ అయ్యి పెర్ఫ్ ప్రోబ్ అని కొట్టి, హైఫన్ ఎక్స్ ఇచ్చి లిబ్‌సీ ఫైల్ దారి రాసి, ఆ తర్వాత ఫంక్షన్ పేరు రాయండి. ఇదే కమాండ్‌ను ఇంకోసారి, ఈసారి ఫంక్షన్ పేరుకు ఆనించి పర్సెంట్ రిటర్న్ అని చేర్చి ఇవ్వండి. మొదటిది ఫంక్షన్‌లోకి వెళ్లినప్పుడు, రెండోది బయటికి వచ్చినప్పుడు.

ఏ హోస్ట్ పేరు కోసం అడుగుతోందో కూడా కావాలంటే డీబగ్ ఇన్ఫో (సోర్స్‌లోని పేర్లు, లైన్లు మెషీన్ కోడ్‌లో ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) లేకుండానే తెలుసుకోవచ్చు. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో మొదటి ఆర్గ్యుమెంట్ డీఐ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) వస్తుంది. అందుకని మొదటి ప్రోబ్ పెట్టేటప్పుడే ఫంక్షన్ పేరు తర్వాత ఖాళీ వదిలి ప్లస్ సున్నా, బ్రాకెట్లలో పర్సెంట్ డీఐ, చివర కోలన్ పెట్టి స్ట్రింగ్ అని రాస్తే, ఆ అడ్రస్‌లో ఉన్న అక్షరాలను చదివి పెడుతుంది. మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టడం మరచిపోకండి, లేకపోతే బ్రాకెట్లు చూసి షెల్ గొడవ చేస్తుంది.

తర్వాత పెర్ఫ్ రికార్డ్‌కు ఈ రెండు ఈవెంట్లూ హైఫన్ ఈతో, మీ సర్వీస్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) హైఫన్ పీతో ఇచ్చి ఒక నిమిషం నడపండి. పెర్ఫ్ స్క్రిప్ట్ అని కొడితే ఒక్కో లైనులో టైమూ థ్రెడ్ నంబరూ వస్తాయి. ఒకే థ్రెడ్ బయటికి వచ్చిన టైములోంచి లోపలికి వెళ్లిన టైము తీసేసి చూడండి. తేడా 5 సెకన్ల చిల్లర ఉంటే దొరికినట్టే. లేకపోతే ఈ ఫంక్షన్ నిర్దోషి, డేటాబేస్ కనెక్షన్ తెరిచే ఫంక్షన్ మీదో లాక్ తీసుకునే ఫంక్షన్ మీదో ఇదే పని చేయండి.

ఒకవేళ డీఎన్ఎస్సే అయితే రీస్టార్ట్‌తో ఎందుకు బాగైపోతోందో కూడా అర్థమవుతుంది. సెంట్ఓఎస్ 7లో ఉన్న సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.17. 2017లో వచ్చిన 2.26 వెర్షన్ నుంచి మాత్రమే డీఎన్ఎస్ సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ మారితే నడుస్తున్న ప్రోగ్రామ్‌లు తమంతట తాము దాన్ని మళ్లీ చదువుతాయి. అంతకు ముందు వెర్షన్లలో ప్రాసెస్ ఒకసారి చదివి ఆ జాబితాతోనే బతికేస్తుంది. నెట్‌వర్క్ టీమ్ పాత డీఎన్ఎస్ సర్వర్ తీసేసి ఫైల్‌లో కొత్తది రాసినా మీ సర్వీస్ పాతదాన్నే తడుతూ, ఐదేసి సెకన్లు ఆగుతూ ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే కొత్త ఫైల్ చదువుతుంది, అంతే. ఆ ఫైల్ ఎప్పుడు మారిందో, మీ ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో రెండు తేదీలూ పోల్చి చూడండి, ఫైల్ తర్వాత మారి ఉంటే అనుమానం బలపడినట్టే. అప్పుడు డెవలపర్లను అడగాల్సింది ఎక్కువ లాగ్‌లు కాదు, ప్రోగ్రామ్ రెస్ఇనిట్ అనే లైబ్రరీ ఫంక్షన్‌ను పిలిచి ఆ ఫైల్ మళ్లీ చదివేలా చేయమనో, కొత్త ఓఎస్‌కు మార్చమనో అడగాలి. ఎలాగూ సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తోనే సపోర్ట్ అయిపోయింది.

ప్రశ్న (గుంటూరు నుంచి బీటెక్ విద్యార్థిని): మేడమ్/సార్, నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. కెర్నెల్ ఫంక్షన్ మీద ప్రోబ్ పెడితే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు డీబగ్ ఇన్ఫో లేదంటుంది, కొన్నిసార్లు సోర్స్‌లో కళ్ల ముందు ఉన్న ఫంక్షన్‌ను కూడా అలాంటిది లేదంటుంది. ఎందుకలా?

జవాబు: మూడూ వేరువేరు సంగతులమ్మా. ఫంక్షన్ పేరు ఒక్కటే ఇస్తే సింబల్ టేబుల్ (ఏ ఫంక్షన్ ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే జాబితా) చాలు, అది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. అదే మీరు ఆర్గ్యుమెంట్‌ను పేరుతో అడిగినా, ఫంక్షన్ మధ్యలో ఫలానా లైను మీద ప్రోబ్ కావాలన్నా, ఆ పేరు ఏ రిజిస్టర్‌లో ఉందో ఆ లైను ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే పట్టిక ఉండాలి. అదే డీబగ్ ఇన్ఫో. ఉబుంటు దాన్ని విడిగా ఇస్తుంది, ఎందుకంటే చాలా పెద్దది. మీరు వేసుకునే ప్యాకేజీ ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌దే అయి ఉండాలి, చివరి అంకె తేడా ఉన్నా పనికిరాదు. అప్‌డేట్ వచ్చి మీరింకా రీబూట్ చేయకపోతే ఈ తేడా తరచూ వస్తుంది.

కళ్ల ముందున్న ఫంక్షన్ లేదనడానికి కారణం కంపైలర్. చిన్న ఫంక్షన్లను పిలిచినచోటే కలిపేస్తుంది, ఇన్‌లైన్ అంటారు, అప్పుడు ఆ పేరుతో విడిగా కోడ్ మిగలదు. డీబగ్ ఇన్ఫో ఉంటే కలిపేసిన చోట్లను కూడా పెర్ఫ్ ప్రోబ్ వెతికి పెట్టగలదు, లేకపోతే పెట్టలేదు. ఇంకొన్ని ఫంక్షన్లకు కంపైలర్ ఐఎస్ఆర్ఏ, కాన్‌స్ట్‌ప్రాప్, పార్ట్ లాంటి తోకలు తగిలిస్తుంది. అందుకే ముందు హైఫన్ పెద్ద ఎఫ్ ఇచ్చి ప్రోబ్ పెట్టదగిన ఫంక్షన్ల జాబితా తీసి అందులో వెతకండి. డీబగ్ ఇన్ఫో వేసుకున్నాక హైఫన్ పెద్ద ఎల్‌తో ఫంక్షన్ పేరిస్తే (సోర్స్ కూడా మెషీన్‌లో ఉండాలి) ఏయే లైన్ల మీద ప్రోబ్ పెట్టొచ్చో నంబర్లతో చూపిస్తుంది, హైఫన్ పెద్ద వీ ఇస్తే అక్కడ అందుబాటులో ఉన్న వేరియబుల్స్ చెబుతుంది. కెర్నెల్ చదువుకునేవాళ్లకు ఈ రెండు ఆప్షన్లు నిజంగా ఒక వరం. పుస్తకంలో చదివిన ఫంక్షన్ మీ మెషీన్‌లో ఎప్పుడు ఎవరు పిలిస్తే నడుస్తోందో పెర్ఫ్ రికార్డ్‌కు హైఫన్ జీ ఇచ్చి స్టాక్ (ఎవరు ఎవరిని పిలిచారన్న వరుస) సహా చూస్తే, ఆ పాఠం ఇక మరచిపోరు.

సీప్లస్‌ప్లస్ ప్రోగ్రామ్ అయితే ఇంకో చిక్కు, అక్కడ అసలు సింబల్ పేర్లు అండర్‌స్కోర్ జెడ్‌తో మొదలై మూరెడు ఉంటాయి. ఆ పేరు యథాతథంగా ఇచ్చి, దాని ముందు మీకు నచ్చిన చిన్న పేరు, ఈక్వల్ గుర్తు పెడితే ఈవెంట్‌కు ఆ చిన్న పేరే వస్తుంది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): ప్రొడక్షన్‌లో వాడితే సర్వర్ పడిపోతుందేమోనని మా మేనేజర్ గారు ఒప్పుకోవడం లేదు. ఆయన భయం సరైనదేనా?

జవాబు: కొంత సరైనదే. ఆయనతో వాదించకండి, ఎక్కడ ప్రమాదమో ఎక్కడ కాదో లెక్కతో చూపించండి.

ప్రోబ్ యాడ్ చేసినంత మాత్రాన ఖర్చేమీ ఉండదు. అది ఈవెంట్‌కు పేరు నమోదు చేయడం మాత్రమే, బ్రేక్‌పాయింట్ పడేది రికార్డింగ్ మొదలైనప్పుడే. ఆ తర్వాత ఖర్చంతా ఆ ఫంక్షన్ సెకనుకు ఎన్నిసార్లు నడుస్తుందన్న దాని మీదే. యూజర్ ప్రోగ్రామ్ మీద పెట్టిన ప్రోబ్ ఒక్కో తాకిడికి మామూలుగా ఒకటి రెండు మైక్రోసెకన్లు తింటుంది. సెకనుకు వందసార్లు నడిచే గెట్‌యాడర్ఇన్ఫో మీద అది కనిపించను కూడా కనిపించదు. అదే సెకనుకు 10 లక్షల సార్లు నడిచే మాలాక్ (మెమరీ తీసుకునే ఫంక్షన్) మీద పెట్టారనుకోండి, ఒక్కోదానికి ఒక మైక్రోసెకనే అనుకున్నా ప్రతి సెకనుకూ ఒక పూర్తి సీపీయూ సెకను మీ ప్రోబ్‌కే పోతుంది. సర్వీస్ పడిపోకపోవచ్చు, కానీ ఫోన్లు మోగుతాయి. కాబట్టి ముందు పెర్ఫ్ టాప్ లాంటి శాంప్లింగ్‌తో ఏ ఫంక్షన్ వేడిగా ఉందో, అంటే ఎక్కువగా నడుస్తోందో చూసుకోండి, దాని జోలికి పోకండి. హైఫన్ పీతో ఒక్క ప్రాసెస్‌కే పరిమితం చేయండి, అప్పుడు అదే లైబ్రరీ వాడే మిగతా ప్రాసెస్‌లకు బ్రేక్‌పాయింట్ తగలదు. మొదట ఐదు సెకన్లే నడపండి.

రెండో ప్రమాదం తక్కువ మందికి తెలుసు. యూజర్ ప్రోగ్రామ్‌లలో ఫంక్షన్ పేరు బదులు ఉత్త అడ్రస్ ఇచ్చి, అది ఇన్‌స్ట్రక్షన్ మధ్యలో పడితే ఆ ప్రోగ్రామ్ పాడైపోవచ్చు. అందుకని పేర్లే వాడండి, లేదా డీబగ్ ఇన్ఫోతో లైను నంబర్లు వాడండి. కెర్నెల్ విషయంలో పెట్టకూడని ఫంక్షన్ల జాబితా కెర్నెలే పెట్టుకుంది, వాటి మీద అడిగితే ఒప్పుకోదు.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, డేటా. స్ట్రింగ్ ఆర్గ్యుమెంట్లు రాసుకుంటున్నారంటే అందులో పాస్‌వర్డ్ ఉండొచ్చు, కస్టమర్ ఫోన్ నంబరు ఉండొచ్చు. రికార్డ్ అయిన పెర్ఫ్ డాట్ డేటా ఫైల్‌ను వాట్సాప్‌లోనో టికెట్‌లోనో అలాగే అటాచ్ చేసి పంపించకండి. పని అయ్యాక తీసేయండి.

ప్రోబ్‌లను కూడా తీసేయాలి, అవి రీబూట్ దాకా అలాగే ఉండిపోతాయి. హైఫన్ ఎల్‌తో జాబితా చూసి, హైఫన్ డీతో మీవి మాత్రమే తీయండి. స్టార్ గుర్తు పెట్టి అన్నీ ఒకేసారి తుడిచేస్తే పక్క సీటులో ఉన్నవాళ్లు పెట్టుకున్నవి కూడా పోతాయి. తీయబోతే బిజీ అని వస్తే ఎవరో ఇంకా రికార్డ్ చేస్తున్నారని అర్థం.

ప్రశ్న (డల్లాస్ నుంచి): ప్రోబ్ యాడ్ అయింది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ ఒక్క ఈవెంట్ కూడా రాలేదు. సర్వీస్ కంటైనర్‌లో ఉంది. ఫంక్షన్ నడుస్తోందని నాకు ఖాయంగా తెలుసు. ఏం తప్పు జరిగి ఉంటుంది?

జవాబు: మీరు హోస్ట్‌లోని లిబ్‌సీ మీద పెట్టారు, మీ సర్వీస్ వాడేది కంటైనర్ ఇమేజ్‌లోని లిబ్‌సీ. కెర్నెల్ ఈ ప్రోబ్‌ను ఫైల్ పేరుతో కాదు, ఐనోడ్‌తో (డిస్క్ మీద ఆ ఫైల్‌కున్న గుర్తింపు) గుర్తుపెట్టుకుంటుంది. పేరు ఒకటే అయినా అవి రెండు వేరే ఫైళ్లు. ప్రాక్ డైరెక్టరీ కింద మీ ప్రాసెస్ నంబరు, దాని కింద రూట్, అక్కడి నుంచి లిబ్‌సీ దారి ఇచ్చి ప్రోబ్ పెట్టండి. టార్గెట్ ఎన్ఎస్ అనే ఆప్షన్‌కు పీఐడీ ఇచ్చినా ఆ కంటైనర్ కళ్లతో దారి వెతుకుతుంది.

కంటైనర్ లేకపోయినా ఈ సున్నా రావచ్చు. ప్యాకేజీ అప్‌డేట్ అయి లైబ్రరీ ఫైల్ మారిపోయి, పాత ప్రాసెస్ ఇంకా పాత ఫైల్‌నే పట్టుకుని ఉంటే మీ ప్రోబ్ కొత్త ఫైల్ మీద పడుతుంది. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ మ్యాప్స్ ఫైల్ తెరిచి చూడండి, లైబ్రరీ పేరు పక్కన డిలీటెడ్ అని కనిపిస్తే అదే కారణం. ఇంకోటి, ప్రోగ్రామ్ స్టాటిక్‌గా లింక్ అయి ఉంటే బయటి లిబ్‌సీతో దానికి పనే లేదు, అప్పుడు ప్రోబ్ ఆ ప్రోగ్రామ్ ఫైల్ మీదే పెట్టాలి.

ప్రశ్న (వరంగల్ నుంచి): ఇలాంటివి ఎవరు రాస్తారండీ? మనవాళ్లెవరైనా ఉన్నారా?

జవాబు: కెర్నెల్ సోర్స్‌లో కేప్రోబ్స్ డాట్ సీ ఫైల్ తెరిచి పై లైన్లు చదవండి. 2002 అక్టోబరులో వంశీకృష్ణ ఎస్ మొదలుపెట్టినట్టు ఐబీఎం కాపీరైట్ కింద రాసి ఉంటుంది. కెర్నెల్ ఫంక్షన్ల మీద ప్రోబ్ పెట్టే పునాది అదే, అది 2004లో 2.6.9 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చింది. యూజర్ ప్రోగ్రామ్‌ల మీద పెట్టే యూప్రోబ్స్ ఫైల్‌లో శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లు ఉంటాయి, అది 2012లో 3.5తో వచ్చింది. వీటి మీద పెర్ఫ్ ప్రోబ్ కమాండ్ రాసింది జపాన్‌కు చెందిన మసామి హిరమాత్సు, 2010లో 2.6.33తో మొదటిసారి విడుదలైంది. మన కాలేజీల్లో ఓఎస్ పాఠం చెప్పేవాళ్లు ఈ ఫైళ్లు తెరిచి పిల్లలకు చూపిస్తే ఎంత బాగుంటుందో. మొదటి రెండు పేర్లు చదవగానే పిల్లలు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

ప్రశ్న (బెంగళూరు నుంచి): బీపీఎఫ్‌ట్రేస్ లాంటి కొత్త ట్రేసింగ్ కమాండ్ ఉండగా ఇంకా ఇదెందుకు? పాత ఎస్‌ట్రేస్ చాలదా?

జవాబు: ఎస్‌ట్రేస్ ప్రోగ్రామ్ లోపలి ఫంక్షన్లను చూపించదు, అది కెర్నెల్‌ను అడిగే పనులు (సిస్టమ్ కాల్స్), దానికి వచ్చే సిగ్నల్స్ మాత్రమే చూపిస్తుంది, పైగా ప్రతి కాల్ దగ్గరా ప్రాసెస్‌ను ఆపి ఆపి వదులుతుంది, బిజీ సర్వర్ మీద అది భరించలేనంత నెమ్మది. బీపీఎఫ్‌ట్రేస్ గొప్పది, నేనూ వాడతాను. అది బీపీఎఫ్ అనే కెర్నెల్ సౌకర్యం మీద నడుస్తుంది. లెక్కలూ హిస్టోగ్రామ్‌లూ కెర్నెల్‌లోనే కట్టేస్తుంది కాబట్టి ఎక్కువసార్లు నడిచే ఫంక్షన్ల మీద డేటా కుప్పలుగా పడదు. ఎంతసేపు పట్టిందో సగటు, ఏ వ్యవధి ఎన్నిసార్లు వచ్చిందో కావాలంటే అదే వాడండి. కానీ ఫలానా లైను దగ్గర ఫలానా వేరియబుల్ విలువెంత అన్న ప్రశ్నకు పెర్ఫ్ ప్రోబ్ నాకు ఇప్పటికీ దగ్గరి దారి. బీపీఎఫ్ లేని పాత కెర్నెల్ ఉన్న సర్వర్లలో కూడా ఇది పనిచేస్తుంది. కెర్నెల్ ఫంక్షన్ అయితే రెండిటికన్నా ముందు పెర్ఫ్ లిస్ట్ కొట్టి, మీకు కావలసిన చోట స్టాటిక్ ట్రేస్‌పాయింట్ (కెర్నెల్ రాసినవాళ్లే కోడ్‌లో ముందే పెట్టినది) ఇప్పటికే ఉందేమో చూడండి. ఫంక్షన్ పేర్లు వెర్షన్‌కూ వెర్షన్‌కూ మారిపోతాయి, ఫైల్ తెరిచే పని 5.6 కెర్నెల్‌లో డూ సిస్ ఓపెన్ నుంచి డూ సిస్ ఓపెన్ఎట్2లోకి వెళ్లిపోయింది, పాత పేరు మీద రాసుకున్న స్క్రిప్ట్‌లకు ఆ రోజుతో ఈవెంట్లు ఆగిపోయాయి. స్టాటిక్ ట్రేస్‌పాయింట్లు అంత తొందరగా మారవు.

ప్రశ్న (తిరుపతి నుంచి): మా సర్వీసులు కొన్ని జావా, కొన్ని గో. వాటి మీద కూడా పనిచేస్తుందా?

జవాబు: జావాలో మీ మెథడ్ మెషీన్ కోడ్‌గా మారేది నడుస్తుండగా మెమరీలో, అది ఏ ఫైల్‌లోనూ ఉండదు కాబట్టి ఈ ప్రోబ్ దానికి తగిలించలేరు. జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపే ఇంజిన్) లోపలి సీప్లస్‌ప్లస్ ఫంక్షన్ల మీద, లిబ్‌సీ మీద పెట్టొచ్చు. గోలో ఫంక్షన్ మొదట్లో పెట్టే ప్రోబ్‌కు ఇబ్బంది లేదు. పర్సెంట్ రిటర్న్ మాత్రం గో ప్రోగ్రామ్ మీద వాడకండి, రిటర్న్ ప్రోబ్ స్టాక్‌లోని తిరుగు అడ్రస్‌ను మార్చేస్తుంది, గో రన్‌టైమ్ స్టాక్ పెంచడానికి దాన్ని వేరే చోటికి కాపీ చేసేటప్పుడు తనకు తెలియని అడ్రస్ చూసి ప్రోగ్రామ్‌ను పడగొట్టేస్తుంది. బయటికి వచ్చే సమయం కావాలంటే ఆ ఫంక్షన్ లోపల రెట్ (ఫంక్షన్ నుంచి తిరిగి వెళ్లే) ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కడున్నాయో మెషీన్ కోడ్ చూపించే ఆబ్జ్‌డంప్ కమాండ్‌తో చూసుకుని, సరిగ్గా ఆ ఇన్‌స్ట్రక్షన్ల మొదటి బైటు మీద మామూలు ప్రోబ్‌లు పెట్టండి, అదీ ముందు టెస్ట్ మెషీన్‌లో.